రెండు పొట్టేళ్లు

బెంగళూరు శివారులో, యలహంక అవతల, ఒక పెద్దాయన గొర్రెలు మేపుకునేవాడు. మందకు రెండు విత్తనపు పొట్టేళ్లు. ఒకటి పోయినేడు సంతలో కొన్నది; నిండైన ఒళ్లు, మెలితిరిగిన కొమ్ములు. రెండోది ఇంట్లో పుట్టింది. కుమ్ములాటలో దెబ్బ తగిలి ఒకవైపు వృషణం వాచింది.

ఆ ఏడు నాలుగో నెల దాటిన చూడి గొర్రెలు వరసగా ఈసుకుపోయాయి. "ఈ వాపుదే పాపం. కసాయికిచ్చేస్తా" అన్నాడు పెద్దాయన.

కబురందుకుని డాక్టరమ్మ వచ్చింది. రెండింటి వృషణాలనూ పైనుంచి కిందిదాకా తడిమి చూసింది.

"దెబ్బకూ వాస్తుంది, గొర్రెలు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా క్రిమికీ వాస్తుంది. వాపు లేకుండానూ బ్రూసెల్లా ఉంటుంది. చేత్తో తేలేది కాదు పెద్దాయనా."

మెడ దగ్గర రక్తం తీసి సీరం వేరుచేసింది. తెల్లటి పలక మీద ఒక్కో సీరం చుక్క, పక్కనే గులాబీ రంగు రోజ్ బెంగాల్ ద్రావణం చుక్క వేసి, పుల్లతో కలిపి, నాలుగు నిమిషాలు పలకను అటూ ఇటూ వంచింది. ఇంటి పొట్టేలు చుక్క నున్నగానే ఉంది. సంత పొట్టేలు చుక్క విరిగిన పాలలా గడ్డలు కట్టింది; బ్రూసెల్లా సోకిన గుర్తు అది.

"దీనికి ఏ జబ్బూ కనబడలేదే అమ్మా!"

"అందుకే ఎవరూ అనుమానించలేదు. వీర్యంతోనూ క్రిమి మందలో పాకుతుంది. ఈసుకుపోయిన పిల్లల్ని ఉత్త చేతులతో ఎత్తకండి, మనుషులకూ జ్వరం అంటుకుంటుంది."

అలాగని ఇంటి పొట్టేలునూ ఆమె వెంటనే మందలోకి వదలనివ్వలేదు. బ్రూసెల్లాలోనే ఓవిస్ అనే రకం రోజ్ బెంగాల్‌కు చిక్కదు. అందుకే ఇంటి పొట్టేలు సీరాన్ని ఎలీసా పరీక్షకు, వీర్యాన్ని కల్చర్‌కు పంపింది. గొర్రెల రక్తమూ తీసుకుంది. ఇంటి పొట్టేలుకు ఏ క్రిమీ లేదని తేలాకే దాన్ని మందలో కలిపారు.

సంతలో ఆ కొమ్ముల పొట్టేలుకు మంచి ధర పలికేది. పెద్దాయన మాత్రం దాన్ని ఇంకొకరి మందకు అమ్మనన్నాడు.

నీతి: కంటికి కనబడిన లోపం మీద నేరం మోపడం తేలిక, అసలు కారణం వెతకడానికి ఓపిక కావాలి. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో బ్రూసెల్లా టీకా ఆవు, గేదె పెయ్యలకే. గొర్రెల కాపరికి పరీక్షే కాపలా. యలహంకలోని పశువ్యాధుల పరిశోధన సంస్థ నివేది ఇందుకోసం ఎలీసా కిట్లు కూడా తయారుచేసింది. పొట్టేలును కొనేముందు కొమ్ములు చూడండి, రక్తమూ చూపించండి. తేలేదాకా దేన్నీ నిందించకండి, దేన్నీ నమ్మేయకండి.