వెనక్కి పిలిచిన బండి

సంతలో గేదెను అమ్మినవాడు నెల తిరక్కుండా మన గుమ్మంలోకొచ్చి, "అమ్మగారూ, దీనికి తన్నే గుణం ఉందని ఇప్పుడే తెలిసింది, తోలుకెళ్ళి మాన్పించి తెస్తాను" అంటే ఏం చేస్తాం? ముందు వాణ్ణే అనుమానిస్తాం. కార్ల కంపెనీలు తరచు చేసే పని ఇదే. దాన్నే రీకాల్ అంటారు. ఆ మాట వినగానే బండి కొన్నవాళ్ళని జాలిగా చూడడం మనకు అలవాటు. నా బెంగ మాత్రం లోపం ఒప్పుకున్నవాడి గురించి కాదు, తెలిసీ ఊరుకున్నవాడి గురించి.

1990లలో అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అంటే సంసారుల బండి. పిల్లలూ, సామానూ, కుక్కా అన్నీ పట్టేవి. చాలా బండ్లకి ఫైర్‌స్టోన్ టైర్లుండేవి. మండే ఎండలో, టైర్లో గాలి తగ్గి, నిండు బరువుతో హైవే మీద వేగంగా పోతుంటే టైరు పైపొర ఊడివచ్చేది. ఎత్తయిన బండి కదా, అదుపు తప్పితే పల్టీయే. 2000 ఆగస్టు 9న ఫైర్‌స్టోన్ సుమారు 65 లక్షల టైర్లని వెనక్కి పిలిచింది. ఆ టైర్ల మూలంగా అమెరికాలో 271 మంది పోయారని తర్వాత లెక్క తేలింది. తప్పు టైరుదని ఫోర్డూ, బండిదని ఫైర్‌స్టోనూ వాదులాడుకున్నాయి. గాలి ఎంత కొట్టాలన్న దగ్గర కూడా తగువే: ఒకరు 26 పౌన్లంటే ఒకరు 30 అన్నారు. దాదాపు నూరేళ్ళ స్నేహం 2001లో తెగిపోయింది.

అయితే నన్ను కుదిపింది ఆ తగువు కాదు. అంతకు ముందు ఏడాదే, 1999లో, సౌదీ అరేబియాలోనూ చుట్టుపక్కల గల్ఫ్ దేశాల్లోనూ ఫోర్డ్ ఆ టైర్లు మార్చి ఇచ్చింది. ఆ ముక్క అమెరికా ప్రభుత్వానికి చెప్పలేదు. చెప్పి తీరాలన్న చట్టం అప్పటికి లేదు, 2000 నవంబరులో గాని రాలేదు. చట్టం లేకపోతే మాత్రం, టెక్సాస్‌లో ఎండ కాయదా?

వాళ్ళేమీ రాక్షసులై ఉండరు. ఎడారి సంగతి వేరు, మన రోడ్లు వేరు అని నిజంగానే నమ్మి ఉంటారు. చిక్కంతా ఆ నమ్మకంలోనే ఉంది. డబ్ల్యు.కె. క్లిఫర్డ్ అనే ఇంగ్లీషు గణితవేత్త 1877లో రాసిన ఒక వ్యాసంలో ఓడ యజమాని ఒకడొస్తాడు. ఓడ పాతది. మరమ్మతు చేయించాలేమోనని అతనికి శంక, ఖర్చంటే బాధ. ఇన్నిసార్లు క్షేమంగా వెళ్ళొచ్చింది కదా, పైన దేవుడున్నాడు కదా అని మనసుని జోకొట్టుకుని, పొట్ట చేతపట్టుకుని వలసపోయే కుటుంబాలని ఎక్కించి పంపుతాడు. ఓడ మునుగుతుంది. బీమా డబ్బు చేతికొస్తుంది. అతను మనస్ఫూర్తిగా నమ్మాడు గనక తప్పు లేదందామా? ఆ నమ్మే హక్కే అతనికి లేదంటాడు క్లిఫర్డ్. అంతే కాదు, ఓడ క్షేమంగా ఒడ్డు చేరినా అతని తప్పు అంతేనంటాడు.

మొదటిసారి చదివినప్పుడు ఇది మరీ చాదస్తమనిపించింది. ఏమీ జరగనప్పుడు తప్పేమిటి? ఇలా ప్రతిదానికీ జంకితే గడప దాటగలమా? కానీ తెలియక బయల్దేరడం వేరు, తెలిసిందాన్ని దిండు కింద దాచి బయల్దేరడం వేరు. అందరూ క్షేమంగా ఇల్లు చేరితే అది టైరు చలవ. ఆ పుణ్యం యజమాని ఖాతాలో ఎలా పడుతుంది?

మన దేశంలోనూ 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, లోపమున్న బండ్లని వెనక్కి పిలిపించే అధికారం ప్రభుత్వం చేతికిచ్చారు. బాగుంది. ఇంతా చేసి, పిలుపు అందుకున్నవాడు వెళ్ళకపోతే?

మా ఎదురింటాయన పెద్ద బండికి అలాంటి పిలుపే వచ్చింది. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. పని ఉచితమే. "అమ్మేసే బండికి ఇప్పుడవన్నీ ఎందుకండీ" అన్నారాయన.

"కొనేవాళ్ళకి చెబుతారా అన్నయ్యగారూ?" అన్నాను.

"అడిగితే చెప్తానమ్మా."

అడగాలంటే వాళ్ళకి ముందు తెలియాలి కదా! ఆదివారం ఎవరో దంపతులు ఇద్దరు పిల్లల్ని వెంటపెట్టుకుని చూడ్డానికొచ్చారు. బేరం తెమలకముందే పిల్లలు వెనకసీటెక్కి కిటికీ దగ్గర చోటు కోసం తన్నుకుంటున్నారు. బండి నాది కాదు, బేరమూ నాది కాదు. తెలిసిన ముక్క మాత్రం నా దగ్గరా ఉంది. గేటు దాకా వెళ్ళి ఆ తల్లితో చెప్పి వచ్చాను.

ఎదురింటివాళ్ళకీ మాకూ ఇప్పుడు మాటల్లేవు.