కరవని పాము మనదవుతుందా?

నోరులేని జీవాల విషయంలో మనిషి బాధ్యత ఏమిటన్నది పాత ప్రశ్నే. ఆవు, మేక, ఒంటె, గుర్రం, పావురం... వీటి గురించి మన ధర్మవేత్తలు ఎంతో చర్చించారు. అయితే కాలం మారేకొద్దీ ప్రశ్న రూపం మారుతుంది. మన ప్రాంతాల నుంచి వెళ్ళి అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో స్థిరపడిన ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ కుక్కను, పిల్లిని పెంచినట్టే పామును పెంచేవారూ ఉన్నారు. స్నేహితుని ఇంట్లో చూసి వచ్చిన పిల్లవాడు తండ్రిని అడుగుతాడు: "దానికి విషం లేదు, కరవదు, చేతిలోకి తీసుకున్నా ఏమీ అనదు. మనమూ ఒకటి తెచ్చుకుందాం అబ్బాజాన్!"

తండ్రి "ఛీ, పామా!" అని కసిరితే ప్రశ్న అణగిపోతుంది కాని జవాబు దొరకదు. ఆ పిల్లవాడు తన మాటలో మూడు వాదనలు చెప్పాడు: విషం లేదు, కరవదు, ఏమీ అనదు. ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

ఆ జీవి ఏమిటి?

టెక్సాస్ పశ్చిమ భాగంలో పెకోస్ నది ఉంది. ఆ నదికి ఆవల చివావా ఎడారి మొదలై, న్యూ మెక్సికోలోకీ, మెక్సికో దేశంలోకీ విస్తరించింది. అక్కడి సున్నపురాతి గుట్టల్లో ట్రాన్స్-పెకోస్ ర్యాట్ స్నేక్ అనే పాము నివసిస్తుంది. 1901లో శాస్త్రజ్ఞులు దీనిని మొదటిసారి వర్ణించి పేరుపెట్టారు. మన పొలాల్లో తిరిగే జెర్రిపోతుకు ఇది దూరపు బంధువు. పసుపు కలిసిన ఇసుకరంగు ఒంటిమీద నల్లటి మచ్చలు వరుసగా ఉంటాయి. సాధారణంగా మూడు నుంచి నాలుగున్నర అడుగుల పొడవుంటుంది. పగటి ఎండకు రాతి పగుళ్ళలో దాక్కుని, రాత్రివేళ బయటికి వచ్చి ఎలుకలను చుట్టి బిగించి తింటుంది. చీకట్లో తిరిగే జీవి కనుక సృష్టికర్త దానికి పెద్ద పెద్ద కళ్ళు ఇచ్చాడు. మనుషులు పట్టుకున్నా సాధారణంగా తిరగబడదు. పాములు పెంచేవారు దీనిని ఇష్టపడటానికి ఈ సాధుస్వభావం ఒక ముఖ్య కారణం.

దివ్య ఖుర్ఆన్‌లో సూరె నూర్ 45వ ఆయతు జీవరాసుల నడకలను ప్రస్తావిస్తూ, పొట్టమీద పాకేవాటిని మొదట పేర్కొని, ఆ తర్వాతే రెండు కాళ్ళవాటిని, నాలుగు కాళ్ళవాటిని పేర్కొంది. సూరె అన్ఆమ్ 38వ ఆయతు భూమ్మీది జంతువులు, ఎగిరే పక్షులు కూడా మనలాంటి సముదాయాలేనని తెలియజేస్తోంది. కనుక పాము అసహ్యించుకోవలసిన వస్తువు కాదు. అది కూడా ఒక సూచనే.

మొదటి మాట: విషం లేదు

"పాములను చంపమని హదీసుల్లో ఉంది కదా, ఇక పెంచడం ఎలా?" అని కొందరు అడుగుతారు. ఇది తేలిగ్గా తీసిపారేయదగిన అభ్యంతరం కాదు. హాని చేసే ప్రాణుల జాబితాలో సహీహ్ ముస్లింలోని ఒక ఉల్లేఖనం పామును కూడా చేర్చింది. చంపమని ఆదేశం ఉన్న ప్రాణిని ఇంట్లో ఉంచుకోవడం తగదని షాఫయీ ఉలమాలలో కొందరు చెప్పారు. మరోవైపు, మందుల తయారీ వంటి ప్రయోజనం ఉంటే పాముల క్రయవిక్రయాలు చేయవచ్చని హనఫీ ఫిఖహ్ గ్రంథాలు చెబుతాయి.

ఆ ఆదేశానికి కారణం హానియేగాని జాతి మీద పగ కాదు. అదే సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన సంఘటన చూడండి. కందక యుద్ధ కాలంలో కొత్తగా పెళ్ళైన ఒక యువకుడు ఇంట్లో కనిపించిన పామును బల్లెంతో పొడిచాడు. పామూ చనిపోయింది, అతడూ చనిపోయాడు. అప్పుడు దైవప్రవక్త (స) మదీనా ఇళ్ళలో కనిపించే పాములను ముందుగా హెచ్చరించాలని, ఆ తర్వాత కూడా కనిపిస్తేనే చంపాలని ఉపదేశించారు. కనబడిందే తడవుగా కర్ర ఎత్తడం ధర్మం కాదని దీనివల్ల తెలుస్తోంది. మన ఊళ్ళల్లో ఎలుకలను తిని పంటను కాపాడే జెర్రిపోతును కూడా నాగుపాము అనుకుని చంపేస్తుంటారు. ఇది హానిని తొలగించడం ఎలా అవుతుంది?

అయితే విషం లేకపోవడం వేరు, హాని లేకపోవడం వేరు. పాములు, తాబేళ్ళు, బల్లుల ఒంటిమీద సాల్మొనెల్లా అనే రోగక్రిములు ఉండవచ్చు. అందుకే అయిదేళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళలో ఇలాంటి ప్రాణులు వద్దని అమెరికా ఆరోగ్యశాఖ నిపుణులు సలహా ఇస్తారు. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వంటగదిలోకి దానిని రానివ్వకూడదు.

మరో హాని ఉంది. అది భయం. ఇంటికి వచ్చిన అతిథి ముందు పామును మెడలో వేసుకుని నవ్వించాలని కొందరికి సరదా. ఒక ముస్లింను భయపెట్టడం మరో ముస్లింకు ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) సరదాగా జరిగిన పని విషయంలోనే హెచ్చరించారు. పామును చూసి భయపడటం విశ్వాసలోపమూ కాదు, పిరికితనమూ కాదు. చేతికర్ర పాములా కదలినప్పుడు హజ్రత్ మూసా (అలై) అంతటివారు వెనుదిరిగి పరుగెత్తారని ఖుర్ఆన్ చెబుతోంది. ప్రవక్తకే కలిగిన భయాన్ని ఇంటి అతిథిలో చూసి ఎగతాళి చేయడం ఏపాటి మర్యాద?

రెండో మాట: కరవదు

అసలు చిక్కు ఇక్కడుంది. కరవని ప్రాణి మనల్ని ప్రేమిస్తోందని అనుకుంటాం. కుక్క యజమానిని గుర్తుపట్టి తోక ఊపుతుంది, పిల్లి వచ్చి ఒడిలో పడుకుంటుంది. పాము అలా స్నేహం చేస్తుందనడానికి ఆధారం లేదు. అది చేతిచుట్టూ చుట్టుకుంటే మన ఒంటి వెచ్చదనం కోసమో, పడిపోకుండా పట్టు కోసమో కావచ్చు. మహా అయితే మన చేతిని సహిస్తుంది. సహించడాన్ని సమ్మతి అనుకోవడం మనిషి పొరపాటు.

ఈ తేడా తెలిసినవారు దానిని ఎలా పట్టుకుంటారో చూడండి. పైనుంచి గద్దలా చెయ్యి వేయరు, పక్కనుంచి నెమ్మదిగా తీసుకుంటారు. తల నొక్కిపట్టరు, తోక పట్టి వేలాడదీయరు, ఒంటి బరువంతా రెండు చేతుల మీద ఆనేలా చూస్తారు. ఆహారం తిన్నాక కనీసం రెండు రోజులు ముట్టుకోరు, ముట్టుకుంటే కక్కేయవచ్చు. కుబుసం విడిచే ముందు కళ్ళు నీలంగా మసకబారతాయి, చూపు సరిగా ఆనదు. ఆ రోజుల్లో దాని జోలికే పోరు. ఇవన్నీ చూస్తే, ఎప్పుడు ముట్టుకోకూడదో తెలుసుకోవడమే అసలు నేర్పు అని అర్థమవుతుంది. ప్రతి వచ్చేపోయేవారి చేతికీ అందించి ఫోటోలు తీసేవాడికి ఆ నేర్పు లేనట్టే.

మన వీధుల్లో పాములాడించేవారు కొందరు కోరలు పీకి, నోరు కుట్టి నాగుపామును "సాధువు"గా చేసేవారు. అది పచ్చి దౌర్జన్యం. ఈ ఎడారి పాము సాధుస్వభావం అలా వచ్చినది కాదు, పుట్టుకతో వచ్చింది. తిరగబడని జీవి దొరికినప్పుడే మనిషి న్యాయబుద్ధికి పరీక్ష. కొమ్ములున్న ఎద్దు దగ్గర అందరూ జాగ్రత్తగానే ఉంటారు.

మూడో మాట: ఏమీ అనదు

ఒక అన్సారీ తోటలోకి దైవప్రవక్త (స) వెళ్ళినప్పుడు అక్కడి ఒంటె ఆయన్ని చూసి కన్నీరు కార్చిందని, తన యజమాని ఆకలితో మాడ్చి చాకిరీ చేయిస్తున్నాడని మొరపెట్టుకుందని హదీసులో ఉంది. ఒంటె మొరపెట్టుకోగలిగింది. ఆకలేసిన పిల్లి అరుస్తుంది, మేక అరుస్తుంది. పాముకు అరిచే గొంతు లేదు. మూసుకోవడానికి కనురెప్పలు కూడా లేవు. పెట్టెలో వేడి ఎక్కువైనా, చలి పెరిగినా, జబ్బు చేసినా, వారాల తరబడి తిండి లేకపోయినా దాని ముఖంలో మనకు ఏమీ కనిపించదు.

ఒక స్త్రీ పిల్లిని బంధించి, తాను తిండి పెట్టక, నేలమీది పురుగూ పుట్రా తినడానికి వదలకా చంపినందుకు నరకశిక్షకు గురయిందన్న హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఆ స్త్రీ ముందు రెండు దారులున్నాయి: పోషించడం, లేదా వదలిపెట్టడం. గాజుపెట్టెలో పుట్టి పెరిగిన పాము విషయంలో రెండో దారి మూసుకుపోతుంది. దానిని తీసుకెళ్ళి ఏదో ఒక అడవిలో వదిలితే అది చావవచ్చు, లేదా అక్కడి జీవులకు రోగాలు అంటించవచ్చు. ఈ జాతి పాములు మనుషుల పోషణలో ఇరవై ఏళ్ళకు పైగా కూడా బతుకుతాయి. పదేళ్ళ పిల్లవాడు ముచ్చటపడి తెచ్చుకున్నది అతడు చదువు ముగించి, ఉద్యోగంలో చేరి, పెళ్ళి చేసుకున్నాక కూడా ఆ పెట్టెలోనే ఉంటుంది. అప్పుడు దాని సంరక్షణ ఎవరిది? ఎన్నో ఇళ్ళలో అది చివరికి తల్లి మెడకు చుట్టుకునే బాధ్యతే.

ఆహారం సంగతి కూడా ఆలోచించాలి. దానికి ఎలుకలు కావాలి. చంపి గడ్డకట్టించిన ఎలుకలను కొని, కరగనిచ్చి పెడతారు. మృత జంతువును అమ్మడం నిషిద్ధమని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఉంది కనుక, ఆ కొనుగోలు గురించి ముందుగా ఆలిములను అడగాలి. పోనీ అని బతికున్న ఎలుకను పెట్టెలో వేసి, అది పారిపోలేక గిలగిల్లాడుతుంటే పిల్లలు చూసి ఆనందించడం మనసును రాయిగా మార్చే పని. ఎడారిలో ఎలుకకు పారిపోయే అవకాశం ఉంటుంది. పెట్టెలో ఉండదు.

మరి ఏం చేయాలి?

హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టతో ఆడుకునేవాడు. దైవప్రవక్త (స) అతణ్ణి మందలించలేదు. పిట్ట చనిపోయినప్పుడు దాని గురించి ఆప్యాయంగా పలకరించారు. కనుక ప్రాణిని ఇంట్లో ఉంచుకోవడమే దౌర్జన్యమని మేము అనము. అయితే పిట్టకున్న అనుమతిని పాముకు యథాతథంగా వర్తింపజేయలేము. పైన చెప్పిన హదీసులు, ఉలమాల అభిప్రాయభేదం, ఆహారం చిక్కు చూస్తే, కేవలం సరదా కోసం పామును కొనితెచ్చుకోకపోవడమే జాగ్రత్త మార్గమని మా అభిప్రాయం. ఎడారి నుంచి పట్టితేవడం అంతకంటే తగనిది. బిగ్ బెండ్ జాతీయ వనంలో పట్టడం నేరం కూడా. మన దేశంలోనైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జెర్రిపోతును ఇంట్లో పెంచడం శిక్షార్హం.

ఇప్పటికే ఇంట్లో ఉన్నవారు ఏం చేయాలి? దానిని చంపనూ వద్దు, వదలనూ వద్దు. అది ఇక అమానతు. సరైన వేడి, దాక్కునే చోటు, శుభ్రమైన నీరు, సమయానికి ఆహారం, వైద్యం దాని హక్కులు. అవి నెరవేర్చలేకపోతే నెరవేర్చగల సమర్థుని చేతికి అప్పగించాలి.

ఇక అడిగిన పిల్లవాడి ఉత్సాహాన్ని చంపకండి. అతడు సృష్టిని చూసి ముచ్చటపడ్డాడు, అది మంచి గుణమే. జంతువుల గురించి పెద్ద గ్రంథం రాసిన ఇమామ్ దమీరీ మన పండితుల్లోని వారే. పిల్లవాణ్ణి ఆ గుట్టల దగ్గరకు తీసుకెళ్ళండి. వేసవి రాత్రి, దూరం నుంచి, దీపం వెలుగులో దానిని తన దారిన తాను పోతుండగా చూడనివ్వండి. నచ్చిన ప్రతిదీ మన గుప్పిట్లో ఉండనక్కరలేదని చిన్నప్పుడే తెలుసుకున్న బిడ్డ, పెద్దయ్యాక తనకన్నా బలహీనులైన మనుషుల పట్ల కూడా చెయ్యి అదుపులో పెట్టుకుంటాడు.

మొరపెట్టుకోలేని వాటి మొర కూడా వినే ప్రభువు ముందు మనమందరం నిలబడవలసి ఉంది. ఆ రోజున మన చేతుల కింద ఉన్న ఏ ప్రాణీ మనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పని విధంగా జీవించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.