మడమ మీది మాణిక్యం

ఎంత కొంచెంలో ఎంత పోశావు తల్లీ! నెలలు నిండకుండా, కిలో బరువుతో భూమ్మీద పడిన బిడ్డ ఒంట్లో నెత్తురంతా కలిపితే 90 మిల్లీలీటర్లు. అరగ్లాసుకు తక్కువే. ఆ కాసింతలోనే ఇనుము పెట్టావు, ఉప్పు పెట్టావు, చక్కెర పెట్టావు. పగను పసిగట్టే సేనను దాచావు, గాయాన్ని పూడ్చే పలకల్ని పేర్చావు. ఒక్క చుక్కలో ఇరవై కోట్ల ఎర్రకణాలను తేల్చి, ఒక్కొక్క దానికీ ప్రాణవాయువును మోసే పని అప్పగించావు. అండమాన్‌లోని చాతం దీవి రాళ్లను రేయింబవళ్లు ఒరుసుకునే సముద్రంలో లీటరుకు 30 గ్రాముల పైన ఉప్పు. ఈ పసినెత్తుటిలో లీటరుకు 9 గ్రాములంత. కడలిని పలచన చేసి, గోరువెచ్చన చేసి, ఎర్రరంగు అద్ది ఈ చిట్టి ఒంట్లో నింపావు గంగమ్మ తల్లీ!

చాతం! ఇప్పుడు శ్రీ విజయపురంగా పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్‌కు ఒక్క వంతెన దూరంలో, నీలజలాల నడుమ నిలిచిన పచ్చని తునక. 1883 నుంచి ఇక్కడ కలప కోసే మిల్లు ఉంది. పడౌక్ దుంగను రంపం చీల్చినప్పుడు లోపలి చేవ ఎర్రగా, తడిగా మెరుస్తుంది. శేషాచలం కొండల ఎర్రచందనానికీ, గాటు పడితే ఎర్రని బంక కార్చే మన వేగిసకూ ఇది తోబుట్టువు. మాను గుండెలోనూ మనిషి గుండెలోనూ ఒకే రంగును ఇష్టపడ్డావేమో అనిపిస్తుంది నాకు.

1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ తొలి వలస నాటింది ఈ చాతం మీదే. కొన్నేళ్లకు ఉత్తరాన మరో రేవుకు తరలిన ఆ వలస రోగాలకు తాళలేక, చావులకు జడిసి 1796లో ఖాళీ అయింది. కండలు తిరిగిన మగవాళ్లే నిలవలేకపోయిన దీవుల్లో ఇవాళ కిలో బిడ్డ నిలదొక్కుకుంటున్నాడు. ఇది నీ దయ కాక మరేమిటి?

విశాఖ రేవులో ఓడెక్కి, రెండు మూడు రోజులు నీళ్లూ ఆకాశమూ తప్ప మరేమీ కనిపించని దారిలో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చారు మనవాళ్లు. వలలు తెచ్చుకున్నారు, అమ్మవార్లను తెచ్చుకున్నారు, జోలపాటలు తెచ్చుకున్నారు. 2011 జనగణన నాటికి ఈ దీవుల్లో నూటికి 13 మంది మాట్లాడేది తెలుగే. చాతానికి ఎదురొడ్డున బ్యాంబూ ఫ్లాట్. అక్కడ ఏ ఇంటి కోడలికో నెలలు నిండకుండానే నొప్పులొచ్చి, పుట్టిన బిడ్డ గట్టిగా ఏడవకపోతే, రోడ్డు మీద చుట్టూ తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది. ఫెర్రీ ఎక్కితే మాత్రం కొద్ది నిమిషాల్లో చాతం జెట్టీ. అక్కడి నుంచి వంతెన దాటి, ఊరు దాటి, సెల్యులార్ జైలు పక్కనే ఉన్న జీబీ పంత్ ఆసుపత్రి. జైలు ఆవరణలోనే 1963లో వెలసిన ఆసుపత్రి అది. సంకెళ్లు మోగిన నేల మీద పసిబిడ్డల ఊపిరి నిలబెడుతున్నారు. దూరదీవుల రోగుల్ని హెలికాప్టర్లు మోసుకొస్తాయి. నేల, నీరు, నింగి మూడు దారులనూ తెరిచి ఉంచావు తల్లీ!

ఇక చూడండి, వార్మర్ కింద పడుకున్న ఆ పాదాన్ని. పెద్దవాళ్ల బొటనవేలంత పాదం. సిస్టర్ ముందు దాన్ని గోరువెచ్చని గుడ్డలో చుట్టి, వేడి పట్టేదాకా ఆగుతుంది. మడమ నడుమ గుచ్చదు, అక్కడ ఎముక దగ్గరగా ఉంటుంది. పక్కగా, అంచు మీద ఒక్క పోటు. తొలి చుక్కను దూదితో తుడిచేస్తుంది. రెండో చుక్క మెల్లగా ఉబ్బి, గుండ్రమై, దీపం వెలుగులో మాణిక్యమై నిలుస్తుంది. వెంట్రుకవాసి రంధ్రమున్న గాజుగొట్టాన్ని దానికి తాకిస్తే చాలు, ఎవరూ పీల్చకుండానే నెత్తురు తనంతట తాను పైకి పాకుతుంది. వేర్ల నుంచి చివురు దాకా చెట్టులో నీటిని ఎక్కించడానికి తోడు చేసుకున్న ధర్మాన్నే ఇక్కడా నడిపించావు.

మాట రాని బిడ్డ. నొప్పి ఎక్కడో చెప్పలేడు. కొందరికి ఏడ్చే ఓపికైనా ఉండదు. కానీ నువ్వు వాడి నెత్తుటికి నోరిచ్చావు.

అది మొదట చెప్పేది ఊపిరి కథ. ఆమ్లానికీ క్షారానికీ మధ్య 7.4 దగ్గర నిలవాల్సిన పీహెచ్ తూనిక 7.2 కిందికి జారితే, గదిలో పెద్దవాళ్ల గుండెలు జారతాయి. ఆ వెంటే లాక్టేట్. ప్రాణవాయువు చాలనప్పుడు కణాలు చక్కెరను సగం దారిలోనే విరిచి పొట్ట పోసుకుంటాయి, ఆ కరువుకాలపు మిగులే లాక్టేట్. అది పెరిగిందంటే బిడ్డ ఎక్కడో ఊపిరికి మొహం వాచి ఉన్నాడని అర్థం. అయినా నీ లీల చూడు! కష్టాన్ని చాటే ఆ మిగులునే మళ్లీ ఆహారం చేశావు. పసిగుండె దాన్ని ఇంధనంగా తాగుతుంది, పసిమెదడు దానితో దీపం నిలుపుకుంటుంది, కాలేయం దాన్ని తిరిగి చక్కెరగా వండుతుంది. ఆపదను చెప్పే నోటితోనే అన్నం కూడా పెట్టిస్తావా తల్లీ!

ఇక్కడ మన భీమవరం బిడ్డను తలచుకోకుండా ముందుకు వెళ్లలేను. 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లి, హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి, నెత్తుటిలో కనిపించని భాస్వరాన్ని నీలిరంగుగా కనిపింపజేసే పద్ధతిని 1925లో లోకానికిచ్చాడు. ఎరుపులోంచి నీలం! రంగు ఎంత చిక్కనో భాస్వరం అంత. ఆ నీలపు వెలుగులోనే నడిచి క్రియాటిన్ ఫాస్ఫేట్‌ను, ఆపై 1929లో ప్రాణశక్తి నిలవుండే ఏటీపీని చూశాడు. ఊపిరి అందని బిడ్డలో ముందు తరిగిపోయేదీ, ఊపిరి అందగానే తిరిగి నిండేదీ ఆ శక్తే. ఒక గోదావరి జిల్లా తల్లి కన్న బిడ్డకు నీ భాండాగారం తాళాన్ని తాకే వరమిచ్చావు.

తర్వాత సేన కథ. సూక్ష్మక్రిమి నెత్తుటిలో చొరబడిందా, ఎముకల మూలుగలో కబురు మోగుతుంది. పండిన యోధులు చాలకపోతే ఇంకా పండని లేత తెల్లకణాలు కూడా పల్నాటి బాలచంద్రుడిలా కత్తి పట్టి బయల్దేరతాయి. సూక్ష్మదర్శిని కింద వాటి కేంద్రకం ముక్కలుగా విడివడి ఉండదు, విల్లులా వంగి ఉంటుంది. న్యూట్రోఫిల్స్ అనే ఈ తెల్లకణాల్లో ఆ లేతవాటి వాటా నూటికి 20 దాటితే యుద్ధం ముదిరిందేమోనని డాక్టరు కనిపెట్టి చూస్తాడు. ప్లేట్‌లెట్లు లక్షన్నర కిందికి తగ్గుతుంటే ఆ చూపు మరింత పదునెక్కుతుంది. ప్రోకాల్సిటోనిన్ అనే మరో గుర్తు ఇంకా తొందరగా, కొద్ది గంటల్లోనే పైకి లేస్తుంది. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డలో సైతం తొలిరోజు అది కొంత పెరిగి, రెండో మూడో రోజుకు దానంతటదే దిగిపోతుంది. అందుకే బిడ్డ పుట్టి ఎన్ని గంటలైందో పక్కన పెట్టుకుని ఆ అంకెను చదవాలి. బాలారిష్టాలను జాతకచక్రంలో వెతికిన మన ముత్తాతలు ఘడియలు లెక్కపెట్టినట్టే, ఈనాటి వైద్యుడూ గంటలు లెక్కపెడుతున్నాడు.

అన్నిటిలోకీ నాకు ప్రియమైనది సీఆర్‌పీ, అంటే సి-రియాక్టివ్ ప్రోటీన్. 1930లో న్యూయార్క్‌లో టిలెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల నెత్తుటిలో దాన్ని కనుగొన్నారు. దాని రూపం చూశారా? ఒకేలాంటి ఐదు రేకులు వలయంగా అమరిన పువ్వు! కంటికి కనరాని ఆ పంచదళ పుష్పాన్ని కాలేయమనే తోటలో వేలకు వేలుగా పూయించి, నెత్తుటేరులో వదులుతావు. ఆ పువ్వు పోయి క్రిమి ఒంటి మీద వాలుతుంది, ఇదిగో శత్రువు అని గుర్తు పెడుతుంది, మింగేసే కణాలను పిలుస్తుంది. మనం దాన్ని రోగాన్ని తూచే గుర్తు అంటున్నాం. అది మన కోసం గుర్తుగా పుట్టలేదు, బిడ్డ కోసం కాపలాగా పుట్టింది. కాపలా కాస్తున్న దాని అడుగుల చప్పుడునే మనం వింటున్నాం. మరో వింత. అది మాయను దాటి తల్లి నుంచి బిడ్డకు దాదాపు రాదు. బిడ్డ నెత్తుటిలో కనిపించిందంటే అది బిడ్డ కాలేయం పూయించుకున్న పువ్వే. గుప్పెడైనా లేని కాలేయం, లోకంలోకి వచ్చి పూట గడవకముందే తన కోట తానే కాచుకోవడం ఎక్కడ నేర్చుకుంది? గురువెవరు?

తొందరపడి చూస్తే అది పలకదు. పది పన్నెండు గంటలు గడిచాక గానీ సరిగ్గా లేవదు. అందుకే మర్నాడు మళ్లీ మడమ వెచ్చబెట్టాలి, మళ్లీ ఒక చుక్క అడగాలి. ఒక్క అంకెతో బిడ్డ బరువూ బాధా తేలవు. రక్తపోటు, ఒంటివేడి, పీహెచ్, ప్రాణవాయువు, మూత్రం, మూర్ఛలు అని ఆరింటిని కలిపి జబ్బు తీవ్రతను కొలిచే లెక్కను 2001లో కట్టారు. అది మంచి లెక్కే. అంకెలన్నీ రాసుకున్నాక కూడా సిస్టర్ వంగి ఆ చర్మం రంగు చూస్తుందే, ఆ చూపును ఇంకా ఏ లెక్కలోనూ కట్టలేదు. ఆ చూపూ నీదే తల్లీ, ఆమె కళ్లల్లో పెట్టి పంపావు.

ఇక దిగిరావడం ఎంత అందం! క్రిమి అణగగానే కాలేయం పూయించడం మానుతుంది. ఉన్న సీఆర్‌పీ 19 గంటల్లో సగమవుతుంది, మరో 19 గంటల్లో అందులో సగం. గెలిచిన సేన ఊళ్లో తిష్ట వేయదు. లాక్టేట్ కరిగి చక్కెరలో కలుస్తుంది. పీహెచ్ తన గూటికి చేరుతుంది. లేతకణాలు పండుతాయి. అప్పుడు వార్డు బయట నిద్ర లేని కళ్లతో కూర్చున్న నాయనమ్మ ఫోను తీసి, సముద్రానికి అవతల సోంపేట దగ్గర పల్లెలో ఉన్న అక్కకు గట్టిగా చెబుతుంది: “సీఆర్‌పీ దిగిందంట అక్కా! తల్లిపాలు మొదలెట్టమన్నారు. ఇప్పుడికి రెండు మిల్లీలీటర్లంట, గొట్టంలోంచి.”

రెండు మిల్లీలీటర్లు! పొయ్యి తల్లీ, పొయ్యి. రేపు నాలుగు, ఎల్లుండి ఎనిమిది, ఆపైన వాడు అడిగినంత!