శ్వాస కూడా అమానతే



మనిషి రోజుకు సుమారు 20 వేల సార్లు శ్వాస పీలుస్తాడు. ఆ అనుగ్రహాన్ని ఒక్కనాడూ లెక్కలోకి తీసుకోడు. ఊపిరి ఆడనప్పుడే దాని విలువ తెలిసి వస్తుంది. ఉబ్బసాన్ని మన ఇళ్లలో ‘దమా’ అంటాం. ఫారసీలో ‘దమ్’ అంటే శ్వాస. మనిషికి ఏది కరవవుతుందో ఆ జబ్బు పేరే చెబుతోంది.

చిన్నప్పుడు పిల్లికూతలతో రాత్రంతా అమ్మీ ఒడిలో కూర్చుని గడిపిన పిల్లవాడికి యుక్తవయసు వచ్చేసరికి ఆయాసం తగ్గిపోతుంది. “వయసుతోపాటు పోయింది, అల్‌హందులిల్లాహ్” అని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. చాలామందిలో అది నిజమే. కాని కొందరిలో ఊపిరి గొట్టాల సున్నితత్వం లోలోపల మిగిలే ఉంటుంది. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ భుజాల మీదికి వచ్చాక, ముప్ఫయ్యో ఏటో నలభయ్యో ఏటో అది మళ్లీ తలెత్తుతుంది.

మన గాలి, మన పనులు

మన ప్రాంతంలో దీనికి కారణాలు తక్కువేమీ కాదు. ఏలూరులో తరతరాలుగా ముస్లిం కుటుంబాలు తివాచీలు నేస్తున్నాయి. ఆ మగ్గాల దగ్గర ఉన్ని పీచు గాలిలో తేలుతూనే ఉంటుంది. తాడేపల్లిగూడెం వైపు రైస్ మిల్లుల్లో ఊక, తవుడు దుమ్ము. ఆ తవుడే బస్తాలకెక్కి కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులకు మేతగా వెళుతుంది. బస్తా ఎత్తేవాడూ, విప్పి కలిపేవాడూ దాన్ని పీల్చక తప్పదు. సార్వా, దాళ్వా కోతలప్పుడు పొలాల దుమ్ము, తగలబెట్టిన గడ్డి పొగ. శీతకాలం తెల్లవారుజామున కొల్లేటి మంచు. ఎవరికి ఏది పడదో వారికే తెలియాలి. ఏ రోజు, ఏ పని దగ్గర ఆయాసం వచ్చిందో ఒక చిన్న పుస్తకంలో నెల రోజులు రాసుకుంటే కారణం చాలావరకు బయటపడుతుంది.

ఇది కొత్త మాట కాదు. 1190 ప్రాంతంలో ఈజిప్టులో మూసా ఇబ్న్ మైమూన్ అనే యూదు వైద్యుడు ఉబ్బసంపై అరబీ భాషలో ఒక గ్రంథమే రాశాడు. అందులో మందులతోపాటు పీల్చే గాలి, తినే తిండి, నిద్ర గురించి కూడా వివరించాడు.

దాచడం సబ్ర్ కాదు

అసలు చిక్కు జబ్బు తిరిగి వచ్చాక మొదలవుతుంది. “మేస్త్రీకి తెలిస్తే రేపటి నుంచి పనిలోకి రావద్దంటాడు”, “మేనేజరుకు తెలిస్తే పర్మనెంట్ చేయడు” అన్న భయం. అందుకే ఇన్‌హేలర్‌ను జేబులో దాచి, మరుగుదొడ్డిలోకి వెళ్లి పీల్చుకుంటారు. రాత్రి నిద్ర లేకపోయినా పొద్దున్నే ఏమీ ఎరగనట్టు పనిలోకి వెళతారు. ఇంట్లో అడిగితే “సబ్ర్ చేస్తున్నాను” అంటారు.

మనం ఒక్క క్షణం ఆలోచించాలి. ఇది సబ్రేనా? వ్యాధిగ్రస్తుడైన హజ్రత్ అయ్యూబ్ (అలై) తన బాధను ప్రభువు ముందు దాచలేదు, నోరు తెరిచి మొరపెట్టుకున్నారు (అంబియా సూరా: 83). ఆయనను సహనానికి ఆదర్శంగా దివ్య ఖుర్ఆన్ మన ముందు నిలిపింది. వైద్యం చేయించుకోవచ్చా అని అడిగిన పల్లెవాసులకు, చేయించుకోండి అనే దైవప్రవక్త (స) సమాధానమిచ్చారు. మందు లేని జబ్బును అల్లాహ్ దింపలేదని, ముసలితనం ఒక్కటే దానికి మినహాయింపని తెలియజేశారు (అబూ దావూద్, తిర్మిజీ). రాత్రంతా నమాజు, పగలంతా ఉపవాసం అంటూ శరీరాన్ని కష్టపెడుతున్న అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)తో, నీ శరీరానికి నీపై హక్కు ఉందని చెప్పారు (బుఖారీ). ఆరాధనలోనే ఆ హక్కును కాదనకూడదంటే, జీతం కోసం కాదనడం ఎలా సబబు? శ్వాస మన సొంత ఆస్తి కాదు, మనకు అప్పగించబడిన అమానతు.

మందు విషయంలో మన పొరపాట్లు

ఉబ్బసానికి ఇన్‌హేలర్లు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు గొట్టాలను వెంటనే తెరిచేది. రెండోది గొట్టాల లోపలి వాపును తగ్గించేది. దీన్ని బాగున్న రోజుల్లో కూడా డాక్టరు చెప్పినట్టు వాడాలి. మనవాళ్లలో చాలామంది మొదటిదాన్నే పట్టుకుని రెండోదాన్ని మానేస్తారు. వెంటనే తెరిచే మందు ఒక్కదానిమీదే పెద్దవాళ్లు ఆధారపడటం ప్రమాదమని అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకాలు 2019 నుంచి స్పష్టంగా చెబుతున్నాయి. కొందరికి రెండు మందులూ కలిసిన ఇన్‌హేలర్ ఒక్కటే ఇస్తున్నారు. “స్టెరాయిడ్ కదా” అని జంకేవారు ఒకటి తెలుసుకోవాలి. మాత్రలో అది మిల్లీగ్రాముల్లో ఉంటే, ఇన్‌హేలర్‌లో మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది. పీల్చాక నోరు పుక్కిలించాలి. “అలవాటైతే వదలదు” అన్నది అపోహ. కళ్లజోడు పెట్టుకున్నవాణ్ణి కళ్లజోడుకు బానిస అంటామా?

మృగశిర కార్తెనాడు హైదరాబాదులో బత్తిని కుటుంబం కొర్రమీను పిల్లతో ఇచ్చే చేపమందు కోసం వేలమంది వెళతారు. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందనడానికి శాస్త్రీయ రుజువు లేదు. దాన్ని మింగామన్న ధైర్యంతోనో, తాయెత్తు కట్టుకున్నామన్న ధీమాతోనో ఇన్‌హేలర్ మానేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్నది ప్రవక్త (స) నేర్పిన తవక్కుల్ (తిర్మిజీ).

ఒక్క వాక్యం పూర్తిగా పలకలేనంత ఆయాసం, పెదవులు నీలంగా మారడం, మందు పీల్చినా తగ్గకపోవడం - ఈ మూడింటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నమాజు, రోజా

నిలబడలేకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పడుకుని నమాజు చేయమని ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు ప్రవక్త (స) అనుమతించారు (బుఖారీ). ఆయాసంతో ఉన్నవారికీ ఆ సౌలభ్యం ఉంది. ఇక రోజా స్థితిలో ఇన్‌హేలర్ పీల్చడంపై పండితుల్లో భేదాభిప్రాయం ఉంది. మన దేశంలోని హనఫీ ఉలమాల్లో అత్యధికులు రోజా భంగమవుతుందని అంటారు. షేఖ్ ఇబ్న్ బాజ్, షేఖ్ ఇబ్న్ ఉసైమీన్ వంటి అరబ్బు పండితులు భంగం కాదన్నారు. మీరు నమ్మే ఆలిమ్‌ను అడిగి ఆచరించండి. అయితే ఏ అభిప్రాయం తీసుకున్నా ఒక విషయంలో విభేదం లేదు. రోజా నిలబెట్టుకోవాలని ప్రాణాపాయం కొనితెచ్చుకోవడం ధర్మం కాదు. రోగికి వేరే రోజుల్లో పూర్తిచేసుకునే వెసులుబాటును అల్లాహ్ స్వయంగా ఇచ్చాడు (బఖరా సూరా: 184, 185). రమజాన్‌కు ముందే డాక్టరును కలిస్తే, చాలామందికి రోజువారీ మందును సహరీ, ఇఫ్తార్ వేళలకు సర్దవచ్చు.

యజమానుల బాధ్యత

పనిచేసేవాడు నోరు విప్పాలంటే వినే చెవి కూడా ఉండాలి. మనలో మగ్గాలు, మిల్లులు, చెరువులు, దుకాణాలు నడిపేవారు ఉన్నారు. సేవకులు మీ సోదరులని, వారి శక్తికి మించిన పని అప్పగించరాదని, అప్పగిస్తే తామూ చేయి కలపాలని ప్రవక్త (స) హితవు పలికారు (బుఖారీ). దుమ్ము లేచే చోటు నుంచి ఒక మనిషిని తూకం దగ్గరికో లెక్కల దగ్గరికో మార్చడానికి, ఒక మాస్కు కొనివ్వడానికి ఖర్చెంత? ఆ మనిషి ఇంట్లో పొయ్యి వెలగడం కన్నా అది పెద్దదా?

పనిచేసేవారు కూడా తమ హక్కులు తెలుసుకోవాలి. ఈఎస్‌ఐ కార్డు ఉన్నవారికి నిబంధనల మేరకు జబ్బు సెలవులో ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం భృతి లభిస్తుంది. పనిచేసే చోటి పదార్థాల వల్ల వచ్చే ఉబ్బసం చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. డాక్టరు చీటీలన్నీ భద్రపరచుకోండి. కనీసం పక్కన పనిచేసే ఒక్కరికైనా మీ జబ్బు సంగతీ, ఇన్‌హేలర్ ఏ జేబులో ఉందో చెప్పి ఉంచండి.

విశ్వాసికి కలిగే అలసట, వ్యాధి, చివరికి గుచ్చుకునే ముల్లు కూడా అతని పాపాలకు పరిహారమవుతుందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు (బుఖారీ, ముస్లిం). ఆ పుణ్యం మందు వాడినవారికీ ఉంది, అడిగి సాయం పొందినవారికీ ఉంది. దాచిపెట్టి కూలిపోయినంత మాత్రాన అది పెరగదు.

ఓ అల్లాహ్! ఊపిరి కోసం కష్టపడుతున్న మా సోదరులకు, సోదరీమణులకు స్వస్థత ప్రసాదించు. వారి ఉపాధిని కాపాడు. వారి పట్ల మా హృదయాలను మెత్తబరచు. ఆమీన్.