గుడారంలో సణుగుడు, ఎదుట చెప్పే మాట



మీలో ఇంగ్లాండులో ఉంటున్నవారికి, ముఖ్యంగా పిల్లలు ఫుట్‌బాల్ చూసే ఇళ్ళవారికి, ఆర్సెన్ వెంగర్ పేరు కొత్త కాదు. 1996లో ఆయన ఉత్తర లండన్‌లోని ఆర్సెనల్ జట్టుకు మేనేజర్‌గా వచ్చి 22 సీజన్లు నడిపించారు. మూడుసార్లు లీగ్, ఏడుసార్లు ఎఫ్.ఎ. కప్ గెలిపించారు. 2003-04లో ఆయన జట్టు 38 లీగ్ మ్యాచ్‌లలో ఒక్కటి కూడా ఓడలేదు. వరుసగా 20 సీజన్లు మొదటి నాలుగు స్థానాల్లోనే నిలిచింది.

అంతటి మనిషిని 2014 డిసెంబరులో స్టోక్ రైల్వే స్టేషన్‌లో రైలెక్కుతుంటే సొంత అభిమానులే తిట్టారు. 2017 మార్చిలో వెస్ట్ బ్రామ్‌తో ఆట జరుగుతుండగా, ఆయనకు మళ్ళీ కాంట్రాక్టు ఇవ్వొద్దని రాసిన బ్యానర్‌ను లాగుతూ ఒక చిన్న విమానం స్టేడియం మీదుగా వెళ్ళింది. ఆయననే నమ్ముతున్నామంటూ ఇంకో విమానం కూడా వచ్చింది. ఒకే జట్టును ప్రేమించేవాళ్ళు ఆకాశంలో కూడా రెండు పక్షాలయ్యారు.

ఎంతో మేలు చేసిన నాయకుడు ఇప్పుడు సరిగా నడిపించడం లేదనిపిస్తే, ఆ మాట అనడం కృతఘ్నతా? అనకుండా ఉండడం విధేయతా, పిరికితనమా? ఈ ప్రశ్న ఫుట్‌బాల్‌తో ఆగదు. నాలుగు కుటుంబాలతో ఎవరి ఇంటి హాల్లోనో మొదలై, ఏళ్ళ తరబడి ఒకే సేవకుని చేతి కింద పెరిగిన సహవాసాలు మనలో చాలా ఉన్నాయి. అక్కడ కూడా ఈ ప్రశ్న ఉంది. ఆరాధన అయ్యాక కార్ పార్కింగ్‌లో మెల్లగా వినిపిస్తుంది.

ముందు ఒక సంగతి ఒప్పుకుందాం. ఆ అభిమానుల బాధ వట్టిది కాదు. 2006లో కొత్త స్టేడియానికి మారాక అప్పుల భారం వల్ల క్లబ్ చేతులు కట్టేసినట్టయింది. మంచి ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2005 తర్వాత మళ్ళీ కప్పు చూడడానికి 2014 దాకా పట్టింది. 2011లో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 8-2తో, 2014లో వెంగర్ వెయ్యో మ్యాచ్‌లోనే చెల్సీ చేతిలో 6-0తో ఓడారు. ఓటమికన్నా వాళ్ళను ఎక్కువ బాధించింది, అదే తప్పు మళ్ళీ మళ్ళీ కనిపించడం. అందరూ ముందుకు పోవడం, వెనుక కాపలా లేకపోవడం. అది చూసినవాడు నోరు మూసుకోవాలనడం న్యాయం కాదు.

వాక్యం కూడా అలా అనదు. నిర్గమకాండము 18వ అధ్యాయంలో యిత్రో అల్లుడైన మోషే దగ్గరకు వచ్చాడు. దేవుడు చేసిన మేళ్ళన్నీ విని ముందు సంతోషించాడు. మరునాడు ఉదయం నుంచి సాయంకాలం వరకు మోషే ఒక్కడే కూర్చుని తీర్పు తీర్చడం కళ్ళారా చూశాడు. ఎందుకిలా చేస్తున్నావని అడిగాడు. ఇది మంచి పద్ధతి కాదని, నువ్వూ ప్రజలూ నలిగిపోతారని ముఖాముఖిగా చెప్పాడు. భారం పంచుకునే సమర్థులను ఏర్పరచుకొమ్మని దారి కూడా చూపించాడు. మోషే విన్నాడు. దాన్ని ఎవరూ సణుగుడు అనలేదు. ద్వితీయోపదేశకాండము మొదటి అధ్యాయంలో సణుగుడుగా చెప్పబడింది ప్రజలు తమ గుడారాల్లో కూర్చుని అన్నది. నేటి గుడారాలు వాట్సాప్ గ్రూపులని వేరే చెప్పాలా?

అయితే తప్పంతా గుడారాల్లో ఉన్నవాళ్ళదే కాదు. వెంగర్‌ను ఆర్సెనల్‌కు తీసుకురావడంలో ముఖ్యుడు, వైస్ ఛైర్మన్‌గా ఉన్న డేవిడ్ డీన్. ఆయన వెంగర్‌కు స్నేహితుడు, చనువుగా మాట్లాడగలిగినవాడు. 2007లో ఆయన క్లబ్ విడిచిపెట్టారు. తర్వాతి సంవత్సరాల్లో వెంగర్‌కు అంత దగ్గరగా ఉండి అభ్యంతరం చెప్పగలవారు కరువయ్యారని చాలామంది అభిప్రాయం. పక్కన కూర్చుని చెప్పేవాడు లేకపోతే ఆ మాట చివరికి విమానం కట్టుకుని ఎగరాల్సి వస్తుంది. కాబట్టి సేవకులారా, పెద్దలారా, మీకొక యిత్రో ఉన్నాడా? ఉంటే ఆఖరిసారి ఆయన మాట విని మీరు మార్చుకున్నది ఏమిటి?

దేవుని అభిషిక్తునిపై చెయ్యి వేయకూడదన్న దావీదు మాటను ఎదుటివారి నోరు మూయించడానికి కొందరు వాడతారు. కానీ 1 సమూయేలు 24 మొత్తం చదవండి. దావీదు సౌలు మీద చెయ్యి వేయలేదు. అలాగని ఊరకే కూడా ఉండలేదు. గుహలోంచి బయటికి వచ్చి, వంగి నమస్కరించి, సౌలు చేస్తున్న అన్యాయాన్ని అందరూ వినేలా చెప్పాడు. గౌరవమూ సత్యమూ ఒకే నోట వచ్చాయి. ఇక డబ్బు విషయంలో మోసం, బలహీనుల మీద అన్యాయం లాంటివైతే అవి పద్ధతి గురించిన అభిప్రాయభేదాలు కావు. 1 తిమోతి 5వ అధ్యాయం ప్రకారం సాక్షులతో విచారించి, పాపం రుజువైతే అందరి ఎదుట గద్దించాల్సినవి. వాటిని వినయం పేరుతో కప్పిపెట్టకూడదు.

ఇంకొక తేడా. అభిమాని టికెట్ కొన్నాడు. ఆట బాగాలేకపోతే అరిచే హక్కు తనకుందని అనుకుంటాడు. మన కానుక టికెట్ కాదు. మనం ప్రేక్షకుల గ్యాలరీలో లేము, ఒకే శరీరంలో అవయవాలం. యిత్రో చెప్పిన ఆ సమర్థులు ఎక్కడినుంచో దిగిరారు. పాస్టరుగారు అన్నీ ఒక్కరే చేస్తున్నారని అనేవారు, అందులో ఒక పని నాకివ్వండి అని కూడా అడగాలి. అప్పుడు ఆ మాటకు బరువు వస్తుంది.

2018 ఏప్రిల్‌లో వెంగర్ తాను వెళ్ళిపోతున్నానని ప్రకటించారు. మే 6న సొంత మైదానంలో ఆఖరి మ్యాచ్‌కి స్టేడియం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. 2023లో ఆ స్టేడియం బయట ఆయన విగ్రహం పెట్టారు. ఆయన తర్వాతి మూడు సీజన్లలో జట్టు ఐదు, ఎనిమిది, ఎనిమిది స్థానాల్లో నిలిచింది. దీన్నిబట్టి ఆయన ఉండాల్సిందని నేననను. మార్పు కోరడం తప్పని కూడా అనను. అయితే ఆ చప్పట్లు వెళ్ళే రోజు దాకా ఆగాల్సిన అవసరం లేదు. కృతజ్ఞత చెప్పిన నోటితోనే ఆందోళన కూడా చెప్పవచ్చు. నిజానికి అలా చెప్పినప్పుడే వినేవాడికి అది శత్రువు మాటలా ఉండదు.

ప్రియులారా, మీ కాపరి గురించి మీ మనసులో ఉన్న మాట ఈపాటికి ఎంతమందికి తెలుసు? వారిలో ఆయన ఉన్నారా? లేకపోతే ఆయన కోసం ప్రార్థన చేసి, ఈ వారమే ఫోన్ చేసి, ఒక గంట సమయం అడగండి. ఆయన వల్ల మీరు పొందిన మేలు ముందు చెప్పండి. తర్వాత మిగతాది కూడా దాచకుండా చెప్పండి.