తెలిసినవాని బాధ్యత

1971లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున డేవిడ్ వెట్టర్ అను బాలుడు జన్మించెను. రోగములను ఎదుర్కొను శక్తి అతనికి పుట్టుకతోనే లేదు. పండ్రెండేండ్లు ప్లాస్టిక్ గదిలో పెరిగెను. తల్లి సహితము చేతితొడుగులతోనే అతని తాకెను. 1983లో అక్క ప్రేమతో తన ఎముక మూలుగను ఇచ్చెను. ఆమెకు హాని చేయక అందులో దాగియున్న ఎప్‌స్టీన్-బార్ వైరస్, అతనిలో కేన్సరు పుట్టించి 1984లో ప్రాణము తీసెను.

అక్క దోషియా? కాదు. అది ఎవరికిని తెలియదు. తెలియనిచోట నిందకు తావులేదు.

అయితే ప్రియులారా, మనకు తెలిసినది కలదు. ఇట్టి బిడ్డలకు తట్టు టీకా వేయరాదు, అందులోనిది సజీవ వైరస్ గనుక. ఇరుగుపొరుగువారు వేయించుకొనిన టీకాయే వారికి ప్రాకారము. మనకు నాలుగు దినముల జ్వరము వారికి మరణము కావచ్చును. తెలిసియు అశ్రద్ధ చేసినయెడల, ఆ అక్కకు లేని దోషము మనకుండదా?