మెట్లెక్కలేని వానికి స్వామి దూరమా?

108 దివ్యదేశాలలో ఒకటైన ఘటికాచలం (షోలింగర్) పెద్దకొండపై యోగనరసింహస్వామి వెలసియున్నాడు. ఆ సన్నిధికి 1305 మెట్లు. మోకాళ్లు సహకరించని వృద్ధులు పూర్వం డోలీలో వెళ్లేవారు. 2024 నుండి రోప్‌వే కూడా ఏర్పడినది. అయినను "నడిచి ఎక్కలేదే, ఫలం దక్కునా?" అనే శంక పలువురిని బాధిస్తుంది.

కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొంటుంది. పిల్లికూనను తల్లియే నోట కరచుకొని పోతుంది. శరణాగతికి పెద్దలు ఈ రెండు దృష్టాంతాలనూ చెప్పారు. శక్తి గలవాడు మెట్లెక్కడం కైంకర్యమే. కాని అది స్వామికి చెల్లించే వెల కాదు. "నాకు వేరు గతి లేదు" అనే ఆకించన్యమే ప్రపత్తికి అర్హత అయినప్పుడు, నడవలేని కాలు అనర్హత ఎట్లవుతుంది? ఇతరులు మోయగా సిగ్గుపడే అహంకారమే విడువదగినది.

అక్కడ ఒక్క ఘటిక, అనగా 24 నిమిషాలు, భక్తితో ఉన్నవారికి ముక్తి కలదని స్థలమాహాత్మ్యం. ఆ కొండ కోరినది ఉండుటయే గాని, ఎక్కుట కాదు.